నలభై ఒకటో వంతు

ఇసకపాయ లంకలో విరేచనాలు తగ్గిపోయాయన్న వార్త మండలి కార్యాలయానికి చేరడానికి పది రోజులు పట్టింది. చేరాక మాత్రం అక్కడ ఎవరికీ అన్నం సయించలేదు.

మండలి అంటే సాగరతీర సప్తదేశ ఆరోగ్యోన్నతి మండలి. ఒకే సముద్రం ఒడ్డున ఉన్న ఏడు దేశాలవాళ్ళు, మన రోగాలు ఎలాగూ ఒకరి నుంచి ఒకరికి అంటుకుంటున్నాయి కాబట్టి ఆరోగ్యం కూడా కలిసే బాగుచేసుకుందామని పెట్టుకున్న సంస్థ. ఆలోచన మంచిదే. అది పుట్టి తొమ్మిదేళ్ళయింది. ఈ తొమ్మిదేళ్ళలో పదకొండు మహాసభలు జరిగాయి. రెండు సభలు వేదిక మీద జెండాలు ఏ వరసలో ఉండాలన్న చర్చకే సరిపోయాయి. మిగిలిన తొమ్మిది సభల్లో ఆరువందల నలభై పేజీల ప్రణాళిక తయారైంది. దేశానికొక ఊరు చొప్పున ఏడు ఊళ్ళలో మొదలుపెట్టి, అక్కడ నెగ్గాక తక్కిన ఊళ్ళకి వెళ్ళాలని అందులో రాసుకున్నారు.

మన తరఫున నెగ్గింది ఇసకపాయ లంక. గోదావరి రెండు పాయల మధ్య నూట ఇరవై గడపల ఊరు. నెలకి సగటున నలభై ఒక్క విరేచనాల కేసులు. జిల్లా మొత్తం మీద ఇంత నిలకడగా జబ్బుపడే ఊరు ఇంకోటి దొరకలేదు. అయిదేళ్ళలో నలభై ఒకటిని ఇరవై చెయ్యాలని ప్రణాళిక. గోడంత పటం గీసి, నలభై ఒకటి దగ్గర ఎర్ర చుక్క పెట్టి, అక్కణ్ణించి కిందికి మెట్లలాగా నీలం గీత గీశారు. ఆ పటం చూసి ఆరు దేశాలవాళ్ళు చప్పట్లు కొట్టారు. ఏడో దేశంవాళ్ళు నీలం రంగు మీద అభ్యంతరం చెప్పారు. అందువల్ల ప్రారంభం వాయిదా పడింది.

ఈలోగా లంకలో కేసులు మూడుకి పడిపోయాయి.

మండలి డైరెక్టరు డాక్టర్ పరాంకుశం గారు గణాంకాల విభాగంలో పనిచేసే సదాశివాన్ని పిలిపించారు.

సదాశివానికి యాభై ఏడేళ్ళు. మెత్తటి మనిషి. భార్య పోయి నాలుగేళ్ళయింది. అప్పటినుంచీ ఎక్కడికి పంపినా కాదనకుండా వెళుతున్నాడు. ఇల్లు ఎలాగూ ఖాళీ. పైగా బస్సులో కిటికీ పక్క సీటు దొరకడం, దొరికిన హోటల్లో చట్నీ తాజాగా ఉండడంలాంటి చిన్న చిన్న అదృష్టాలు ప్రయాణాల్లోనే ఎక్కువగా తగులుతాయని ఆయన లెక్క.

"సదాశివం గారూ, పద్నాలుగో నిబంధన చదవండి" అన్నారు పరాంకుశం గారు.

సదాశివం చదివాడు. "ప్రణాళిక ప్రారంభమునకు పూర్వము ఎంపిక చేయబడిన గ్రామములలో ఎట్టి మెరుగుదలయు జరుగరాదు. జరిగినచో తక్షణము దానిని సరిదిద్దవలెను."

"అర్థమైందా? నలభై ఒకటి మన పునాది. పునాది కదిలితే ఏడు దేశాల మేడ కదులుతుంది. ఇరవైకి దింపుతామని మాట ఇచ్చాం. ఇప్పుడు మూడు దగ్గరుంటే, దాన్ని ఇరవైకి ఎలా దింపుతాం?"

"పెంచాల్సి వస్తుందండి" అన్నాడు సదాశివం.

"అదే నేననేది. వెళ్ళి కారణం కనిపెట్టండి. యథాస్థితిని పునరుద్ధరించండి. నేటినుంచి మీరు యథాస్థితి పరిరక్షణాధికారి."

కొత్త హోదాతోపాటు ఒక గొడుగు కూడా ఇచ్చారు. గొడుగు బాగుంది, నొక్కితే తనంతట తనే తెరుచుకుంటుంది.

లంకకి వెళ్ళాలంటే పడవే దిక్కు. రేవులో దిగేసరికి సర్పంచి కడలి మంగతాయారు ఎదురొచ్చింది. అరవై దాటిన మనిషి. చంకలో మనవరాలు పండు. రెండేళ్ళ పిల్ల, బుగ్గలు రెండూ రెండు బూరెల్లా ఉన్నాయి.

"రండి బాబూ, రండి. విరేచనాల ఆఫీసరు గారు వత్తన్నారని కబురొచ్చిందండి. ముందు కాళ్ళు కడుక్కోండి" అంది.

"తగ్గిపోయాయట కదమ్మా" అన్నాడు సదాశివం, పరామర్శకి వచ్చినవాడిలా.

"ఆయ్. తగ్గిపోయాయండి. ఈ పిల్ల చూడండి. నెలకోసారి పడిపోయేదండి. తూకం వేత్తే ముల్లు కదిలేది కాదు. ఇప్పుడు మా కోడలు మొయ్యలేక నా చంకనేసి పోతంది."

కారణం కనిపెట్టడానికి పావుగంట పట్టింది. రేవు పక్కన మురుగుకాలవ మీదుగా మంచినీళ్ళ గొట్టం వెళుతుంది. మధ్యలో అతుకు దగ్గర చీలింది. మోటారు నడిచినంతసేపూ నీళ్ళు బయటికి చిమ్మేవి, ఆపగానే కాలవలో మురుగు గొట్టంలోకి వెళ్ళేది. ఏళ్ళ తరబడి అంతే. మోటారు నడిపే ఏసుబాబు ఒక రోజు, తన సైకిలు పాత ట్యూబుని పట్టీలుగా కోసి, ఆ అతుకుకి గట్టిగా చుట్టేశాడు. అంతే.

"ఎవరు చెయ్యమన్నారు నాయనా?" అని అడిగాడు సదాశివం.

"ఎవరూ చెప్పలేదండి. నీళ్ళు చిమ్మి నా చొక్కా తడిసిపోతందని కట్టానండి" అన్నాడు ఏసుబాబు తల గోక్కుంటూ. "జబ్బులు తగ్గుతాయని నాకు తెలీదండి. తెలిత్తే అడిగే చేద్దునండి."

ఆ వాంగ్మూలం యథాతథంగా మండలికి వెళ్ళింది. నాలుగో రోజుకి జవాబు వచ్చింది.

"సదరు ఏసుబాబు దురుద్దేశము లేకయే ఆరోగ్యము కలిగించినట్లు కనబడుచున్నందున ఈసారికి మందలించి వదలివేయడమైనది. అయితే సదరు ట్యూబు వలన కలిగినది అనధికార ఆరోగ్యము. ట్యూబును తొలగించి, సంఖ్యను నలభై ఒకటికి చేర్చి, నెలాఖరులోగా నివేదించవలెను. ప్రణాళిక ప్రారంభమైన మూడవ సంవత్సరమున అంతర్జాతీయ ప్రమాణములు గల అతుకు మంజూరు చేయబడును."

సదాశివం ఆ ఉత్తరం మంగతాయారు అరుగు మీద కూర్చుని రెండుసార్లు చదివాడు. ఆవిడ చారు తిరగమోత వేస్తూ లోపలినుంచి వింది. పండు ఆయన కొత్త గొడుగు మీట నొక్కుతోంది. అది తెరుచుకున్నప్పుడల్లా నవ్వుతోంది.

"ట్యూబు తీసేత్తే మళ్ళీ పిల్లలు పడిపోతారు కదండి" అంది మంగతాయారు గుమ్మంలోకి వచ్చి. గొంతు పెంచలేదు. గరిటె మాత్రం కింద పెట్టలేదు.

"పడిపోతారమ్మా."

"తియ్యకపోతే?"

"నన్ను తీసేసి, తీసేవాణ్ణి ఇంకొకణ్ణి పంపుతారు."

"వాళ్ళకి కావాల్సింది ట్యూబు లేకపోవడమా అండి, నలభై ఒకటా?"

సదాశివం ఆ ప్రశ్నకి తలెత్తి చూశాడు. తొమ్మిదేళ్ళ మహాసభల్లో ఇంత సూటి ప్రశ్న ఎవరూ వెయ్యలేదు. కాగితాలు తిరగేశాడు. నెలవారీ పత్రంలో ఉన్నది ఒక్కటే గడి: 'సంఖ్య'. కారణం రాసే గడి ప్రణాళిక ప్రారంభమైన మూడో ఏడాదికి గానీ తెరుచుకోదు.

"నలభై ఒకటేనమ్మా. కానీ దొంగ లెక్క నేను రాయలేను. నిర్వచనం ప్రకారం రోజుకి మూడుసార్లకి తక్కువ కాకుండా, పలచగా..."

"దొంగ లెక్క ఎందుకండి బాబూ. నికార్సయినయ్యే ఇత్తాం" అంది మంగతాయారు.

లంకలో దేనికైనా వంతులే. పడవ తాడు లాగడానికి వంతు, వరదలప్పుడు గట్టు కాపలాకి వంతు, అమ్మవారికి నైవేద్యం వండడానికి వంతు. నదికి మధ్య బతకడం అలా అయితేనే కుదురుతుంది. ఏ గడప వంతు ఏనాడో పంచాయతీ అరుగు మీది నల్లబల్ల మీద రాసి ఉంటుంది, కాదన్నవాడు ఆ ఊళ్ళో లేడు. ఇక రెండో సంగతి ఆముదం. ఏడాదికి రెండుసార్లు ఆముదం పుచ్చుకుని కడుపు శుభ్రం చేసుకోవడం అక్కడ ముత్తాతలనాటి అలవాటు. తెల్లారగట్టే కాఫీలో కలుపుకుని తాగి, మధ్యాహ్నం దాకా పెరటికీ అరుగుకీ తిరిగి, ఆపైన మిరియాల చారుతో అన్నం తిని పడుకుంటారు.

ఈ రెండు అలవాట్లనీ మంగతాయారు కలిపింది. ఆ సాయంత్రమే నల్లబల్ల మీద కొత్త శీర్షిక వెలిసింది: 'ఆముదం వంతు'. నెలకి నలభై ఒక్క గడపలు, గడపకొక పెద్ద మనిషి. పిల్లలకీ, బాలింతలకీ, డెబ్భై దాటినవాళ్ళకీ వంతు లేదు.

"మా నాన్నకి డెబ్భై రెండండి, ఆయన ఒప్పుకోవట్లేదండి. తన వంతు తనకి కావాలంటన్నారు" అని ఒకాయన వచ్చి మొరపెట్టుకున్నాడు.

"ఆయన చారు కోసం అడుగుతున్నార్రా. చారు పంపుతాను, ఆముదం వద్దను" అంది మంగతాయారు.

నెలాఖరుకి సదాశివం ఇంటింటికీ వెళ్ళి, చూడవలసినది చూడకుండా, అడగవలసినది అడిగి, నమోదు చేసుకున్నాడు. మిగిలిన ఆ మూడు మామూలు కేసులూ అప్పటికే పోయాయి, వంతులవి సరిగ్గా నలభై ఒకటి. ఒక్కటి అటూ ఇటూ లేదు. చివర ఇలా రాశాడు: "సంఖ్య పునరుద్ధరింపబడినది. ట్యూబు విషయము పరిశీలనలో ఉన్నది." ముప్ఫై ఏళ్ళ ఉద్యోగంలో ఆయన నేర్చుకున్న గొప్ప సంగతి ఒకటే. పరిశీలనలో ఉన్నదాన్ని ఎవరూ ముట్టుకోరు.

రెండో నెల నలభై ఒకటి. మూడో నెలా నలభై ఒకటే. ఊళ్ళో జనానికి ఆకళ్ళు పెరిగాయి, ముఖాలు తేటపడ్డాయి. వంతు అయినవాళ్ళు తేలిగ్గా నడుస్తూ, కానివాళ్ళకి సలహాలు చెప్పేవారు. ఎదురుపడితే "మీదెప్పుడండి?" అని పలకరించుకునేవారు.

మండలి పొంగిపోయింది. నాలుగో నెల ఉత్తరంలో పరాంకుశం గారు స్వయంగా రాశారు. "ఏడు దేశములలో ఇంతటి స్థిరమైన అనారోగ్యము మరెచ్చటను కానరాదు. యథాస్థితి పరిరక్షణలో ఇసకపాయ లంక ఆదర్శముగా నిలిచినది. నీలము రంగు వివాదము పరిష్కారమైనందున, ప్రణాళిక ప్రారంభోత్సవము అచ్చటనే జరుపుటకు నిర్ణయించడమైనది. సప్తదేశ ప్రతినిధులు విచ్చేయుదురు. చీలిన గొట్టము ప్రతినిధులకు సహజస్థితిలో ప్రదర్శింపబడవలెను. పరిశీలన ముగించి ట్యూబును తొలగించి, సాక్ష్యముగా కవరులో భద్రపరచవలెను."

ఈసారి తప్పించుకునే దారి లేదు. ప్రారంభోత్సవానికి ముందురోజు ఏసుబాబు ట్యూబు విప్పాడు. పొరలు పొరలుగా విప్పుతుంటే పుండుకి కట్టు విప్పుతున్నట్టు ఊరంతా నిలబడి చూసింది. అంతకు ముందే మంగతాయారు చాటింపు వేయించింది. బిందెలూ గంగాళాలూ నింపుకున్నారు. ట్యూబు మళ్ళీ కట్టేదాకా కుళాయి నీళ్ళు ఎవరూ ముట్టుకోకూడదు.

"మళ్ళీ కడతారంటారా అండి?" అని అడిగింది సదాశివాన్ని. పండుని రెండో చంకకి మార్చుకుంది.

సదాశివం కవరు మీద 'సాక్ష్యం 7' అని రాసి ట్యూబు పట్టీలు అందులో పెట్టాడు. పారేయకుండా భద్రపరచమన్నారు, అదొక్కటే ఆయనకి కనిపించిన ఊరట.

ఆ నెల ఇంకో చిక్కొచ్చింది. ఏసుబాబు చెల్లెలి పెళ్ళి కుదిరింది. పెళ్ళివారింట ఆముదమంటే బాగుండదు. ఆ నెల వాళ్ళింటిదైన నలభై ఒకటో వంతు ఖాళీ పడింది. తక్కిన గడపల్లో ఎవరి వంతులు వాళ్ళకి ఉన్నాయి.

"నేను పుచ్చుకుంటానమ్మా. నాలుగు నెలలుగా మీ ఊరి అన్నం తింటున్నాను" అన్నాడు సదాశివం.

మంగతాయారు నెలాఖరు రోజు ఎదురుగా ఆయన పేరు రాసింది. రాశాక ఆయన మొహం చూసి నవ్వాపుకుంది. ఆముదమంటే సదాశివానికి చిన్నప్పటినుంచీ హడలు. భార్య విశాలాక్షి బతికున్న రోజుల్లో చెప్పకుండా కాఫీలో కలిపి ఇచ్చేసేది. అందుకే ఇప్పటికీ ఎవరు కాఫీ ఇచ్చినా ముందు వాసన చూస్తాడు.

ప్రారంభోత్సవం నాడు రెండు పడవలు వచ్చాయి. ఒకదాంట్లో ప్రతినిధులు, ఒకదాంట్లో జెండాలు. ద్వీపదేశం నుంచి వచ్చిన డాక్టర్ నిలూకా అనే ఆవిడ అందరికంటే ముందు దిగి, పంచాయతీ అరుగు దగ్గర ఆగి, నల్లబల్లకేసి చూసింది. పేర్లు, తేదీలు. తెలుగు రాదు కానీ లెక్క పెట్టడం వచ్చు. నలభై ఒకటి.

ఆవిడ సదాశివం పక్కకి వచ్చి ఇంగ్లీషులో మెల్లగా అడిగింది. "మీరేం వాడతారు?"

సదాశివం గతుక్కుమన్నాడు. "అంటే..."

"భయపడకండి. మా దగ్గర సునాముఖి ఆకు. మా ఊళ్ళో ఒక పంతులమ్మ నీళ్ళు కాచి తాగమని నేర్పింది, సంఖ్య ఆరుకి పడిపోయింది. ఏం చెయ్యమంటారు? కొండదేశంవాళ్ళు ఏదో గింజ నూరి ఇస్తారట. మొన్న సభలో టీ తాగుతూ చెప్పారు. నీలం రంగు అభ్యంతరం ఎవరు పెట్టారనుకున్నారు? మేమే. మా సంఖ్య కుదురుకునేదాకా వాయిదా వెయ్యాలి కదా."

"ఆముదం" అన్నాడు సదాశివం.

ఆవిడ చిన్న పుస్తకం తీసి రాసుకుంది. తొమ్మిదేళ్ళలో ఒక దేశం సంగతి ఇంకో దేశానికి నిజంగా పనికిరావడం ఆయన అప్పుడే చూశాడు.

సభ రేవు దగ్గర జరిగింది. పరాంకుశం గారు యాభై నిమిషాలు మాట్లాడారు. "ఈ చీలిక చూడండి. ఇది చీలిక కాదు, అవకాశం. ఈ మురుగు చూడండి. ఇది మురుగు కాదు, మన ఉమ్మడి ఆరంభబిందువు" అన్నారు. ప్రతినిధులు ముక్కులకి జేబురుమాళ్ళు అడ్డం పెట్టుకుని ఆరంభబిందువుని చూశారు.

అసలు అతుకు మంజూరయ్యేది మూడో సంవత్సరం కాబట్టి, ఆనాటికి నమూనా అతుకు ఒకటి తెచ్చారు. తళతళలాడే ఉక్కు పట్టా, దాని మీద ఏడు జెండాలు చెక్కి ఉన్నాయి. పరాంకుశం గారు స్వహస్తాలతో దాన్ని గొట్టానికి బిగించారు. జెండాలు ఫొటోలో కనబడాలని రెండుసార్లు తిప్పి బిగించారు. చీలిక గొట్టం కిందివైపు ఉంది, పట్టా బిగుసుకునే చోటు జెండాలతోపాటు పైకి వచ్చేసింది.

"అయ్యా, అది తిరగబడిందండి" అన్నాడు ఏసుబాబు.

"ఇతను సాంకేతిక ఉపసంఘంలో సభ్యుడా?" అని అడిగారు పరాంకుశం గారు.

కాదన్నారు. ఏసుబాబు వెనక్కి తగ్గాడు.

తరవాత కుళాయి తిప్పి ఏడు గాజు గ్లాసులు నింపారు. ఆరుగురు ప్రతినిధులూ గ్లాసులు పెదాలదాకా తెచ్చి, ఫొటో అవగానే ఎంతో మర్యాదగా దింపేశారు. అంతా అనుభవజ్ఞులు. పరాంకుశం గారు ఒక్కరే, ప్రణాళిక మీద విశ్వాసంతో, గడగడా తాగేసి రెండో గ్లాసు అడిగారు. సదాశివం "వద్దండి" అనబోయాడు. బ్యాండు మొదలైంది.

మర్నాడు ప్రతినిధుల పడవ వెళ్ళిపోయింది. డైరెక్టరు గారు వెళ్ళలేదు. వెళ్ళే స్థితిలో లేరు. మంగతాయారు పెరట్లో ఆయన కోసం ప్రత్యేకంగా దారి శుభ్రం చేయించింది. వైద్యశాల నుంచి నర్సమ్మ వచ్చి ఉప్పూ పంచదారా కలిపిన నీళ్ళు గంటగంటకీ పట్టించింది. బిందెలో నీళ్ళు, కాచి చల్లార్చినవి.

మూడో రోజుకి పరాంకుశం గారు నవారు మంచం మీద లేచి కూర్చున్నారు. మంగతాయారు మిరియాల చారు పోసి మెత్తగా కలిపిన అన్నం తెచ్చింది. ఆయన చిన్నపిల్లాడిలా తిన్నారు. ఎదురుగా పండు నేల మీద కూర్చుని, గొడుగు తెరిచి మూసి తెరిచి మూసి, ఆయనకి చూపిస్తోంది.

"ఈ పాప..." అన్నారు ఆయన.

"మా మనవరాలండి. తమరు మూడు రోజులు పడ్డది, అది రెండేళ్ళు నెలనెలా పడిందండి" అంది మంగతాయారు కంచం తీసుకుంటూ. ఎత్తిపొడుపేమీ లేదు, సంగతి చెప్పింది.

పరాంకుశం గారు పాపని చాలాసేపు చూశారు. ఆవిడ లోపలికి వెళ్ళాక, గొంతు తగ్గించి, "సదాశివం గారూ, ఆ సైకిలు ట్యూబు ఎక్కడుంది?" అన్నారు.

"సాక్ష్యం ఏడు అండి. కవర్లో భద్రంగా ఉంది."

"కట్టించండి."

"చిత్తం. పద్నాలుగో నిబంధన..."

"నాకు మళ్ళీ వచ్చేట్టుంది. అడ్డం లేవండి" అంటూ లేచారు. పెరటి గుమ్మం దాకా వెళ్ళి ఆగి, వెనక్కి తిరిగి, "ఫైలులో రాయకండి" అన్నారు.

ఏసుబాబు ఆ సాయంత్రమే కట్టాడు. జెండాల పట్టాని విప్పలేదు, దాని మీదే ఇంకా గట్టిగా చుట్టాడు. రెండు రోజులు మోటారు నడిపి గొట్టాలు కడిగించి, మంగతాయారు మొదటి చెంబు తను తాగింది. ఆ తరవాతే ఊరిని తాగనిచ్చింది.

నెలాఖరు వచ్చింది. తెల్లవారగానే సదాశివం స్నానం చేసి, ఉరిశిక్షకి వెళ్ళేవాడిలా అరుగు మీదికి వచ్చి కూర్చున్నాడు. మంగతాయారు పొగలు కక్కే గ్లాసు తెచ్చి పక్కన పెట్టింది. నల్లబల్ల దగ్గరికి వెళ్ళి చివరి వరసలో ఆయన పేరు చెరిపింది.

"అదేంటమ్మా, నా వంతు..."

"అయిపోయిందండి. ఈ నెల నలభై ఒకటిలో డైరెక్టరు గారిని వేసేశాను. రోజుకి మూడేంటండి, ముప్ఫై. నికార్సయిన కేసు" అంది. అక్కడ 'శ్రీ పరాంకుశం గారు' అని గుండ్రంగా రాసి, చెయ్యి దులుపుకుంది. "నలభై రెండయితే లెక్క తప్పుద్ది కదండి."

పటంలో మొదటి మెట్టు దిగేది వచ్చే ఏడాది కాబట్టి, సదాశివం నెలవారీ పత్రం తీసి సంఖ్య గడిలో నలభై ఒకటి వేశాడు. గ్లాసు ఎత్తి, అలవాటు కొద్దీ ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూశాడు.

ఉత్త కాఫీయే. కాస్త అల్లం కూడా వేసింది.